అవ్వ మాటకు ఒక స్టైలు

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా బడి పిల్లలకు తెలుసు, స్టాఫ్‌రూంలో వాళ్ళకు తెలుసు, మా ఆయనకైతే పెళ్ళయిన వారం నుంచీ తెలుసు. ఆ సంగతి తెలియనిది మా ఇంట్లో లాప్‌టాప్‌కు ఒక్కదానికే. ఆ మే నెలలో అది నన్ను పెట్టిన పాట్లు, ఇరవై ఆరేళ్ళ సర్వీసులో తొమ్మిదో తరగతి వెనక బెంచీలన్నీ కలిసినా పెట్టలేదు.

నేను తెలుగు టీచర్ని. దమ్మపేట దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో చెప్తాను, కాపురం అశ్వారావుపేటలో. ఎనిమిదేళ్ళ కిందట, తోటి టీచర్లందరూ ప్లాట్లూ పిల్లల సీట్లూ చూసుకుంటున్న వయసులో, నేను పోయి పీహెచ్‌డీకి రిజిస్టర్ అయ్యాను. విషయం, తునికాకు కోసేవాళ్ళ మాటలు. బీడీలు చుట్టే ఆకు అదే. ఎండాకాలం అడవిలో ఆకు కోసి, యాభై ఆకులకొక కట్ట కట్టి, కల్లంలో వరసలుగా పేర్చి ఆరబెట్టేదాకా ఆ పనిలో పుట్టే మాటలు నేను వెతికిన ఏ నిఘంటువులోనూ దొరకలేదు. వాటిలో సగానికి పైగా నాకు చెప్పింది ఒక్క మనిషే.

అడవి అంచున గూడెంలో ఉండే ఒక అవ్వ. వయసెంత అని అడిగితే “నీకంటె పెద్ద” అంటుంది. ఇంట్లో వాళ్ళ భాష మాట్లాడుతుంది, నాతో తెలుగు. మొదటి ఎండాకాలం నేను నోటుబుక్కు తెరిచి ఎదురుగా కూచుంటే ముందు ఒక షరతు పెట్టింది.

“రాస్కో బిడ్డా, నాకేం పోయింది. గని నా మాట నా మాట లెక్కనే ఉండాలె, నీ మాట నీ మాట లెక్క ఉండాలె. రెండు గల్పకు. లేతాకుల ముదురాకు గలిస్తె కల్లెదారు కట్టకు కట్టనే పక్కకు పడేస్తడు.”

కల్లెదారంటే కల్లంలో కట్టలు చూసి, లెక్కపెట్టి తీసుకునే మనిషి. ఆయన కన్ను ఎంత చురుకో అవ్వ చెవి అంతకు రెండింతలు చురుకు. నేను సరేనన్నాను. ఆమె మాటలకు నీలం పెన్ను, నా ఆలోచనలకు పెన్సిలు అని అప్పుడే పద్ధతి పెట్టుకున్నాను. అది విని అవ్వ, “పంతులమ్మవు గద, రంగులు బాగనే ఉంటయి నీ దగ్గర” అన్నది.

ఎనిమిదో ఎండాకాలానికి నాకిచ్చిన ఆఖరి గడువు వచ్చేసింది. శుక్రవారం సాయంత్రం లోపల థీసిస్ యూనివర్సిటీలో ఇవ్వాలి. ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. మళ్ళీ మొదట్నుంచీ అందామంటే మా గైడుగారు రిటైరవుతున్నారు, నాకా ఓపిక లేదు. అంటే అవ్వ చెప్పిన మాటలన్నీ నోటుబుక్కుల్లో, నోటుబుక్కులు మంచం కింద ట్రంకుపెట్టెలో, అంతే. ఆమె దగ్గర అన్ని ఎండాకాలాలు అడిగి తీసుకున్నవి పుస్తకం కాకుండా చెదలకు పోతాయన్న ఊహకే నాకు అన్నం సయించేది కాదు.

రాయడమంతా అయిపోయింది. మూడువందల పన్నెండు పేజీలు. ఇక భయం లేదనుకుంటుండగా ఆదివారం పొద్దున గైడుగారు ఫోన్ చేశారు.

“ఏమ్మా, నువ్వు పంపిన ఫైలు యూనివర్సిటీ సెక్షన్ వాళ్ళు వెనక్కి పంపారు. శీర్షికలు ఒకచోట పదహారు సైజు, ఒకచోట పదిహేను. విషయసూచికలో నలభై ఒకటో పేజీ అని ఉంది, అక్కడికి పోతే ఏమీ లేదు, తెల్లకాగితం. ఇలా అయితే తీసుకోరు.”

“విషయం బాగుందా సార్?”

“విషయం ఇప్పుడెవరు చూస్తారమ్మా? ముందు మార్జిన్లు చూస్తారు.”

నా పద్ధతి ఏమిటో ఇక్కడ దాచకుండా చెప్పుకోవాలి. శీర్షిక నడిమధ్యకు రావాలంటే స్పేస్‌బార్ నొక్కుకుంటూ పోయేదాన్ని, కంటికి నడిమధ్య అనిపించేదాకా. కొత్త అధ్యాయం కొత్త పేజీలో మొదలవ్వాలంటే ఎంటర్ మీద వేలు పెట్టి, పేజీ మారేదాకా తీసేదాన్ని కాదు. ప్రతి శీర్షికనూ విడిగా నల్లబరిచి, విడిగా పెద్దది చేసి, కింద గీత గీసి, కొంచెం వెనక్కి జరిగి చూసి మురిసేదాన్ని. అన్నేళ్ళు నల్లబోర్డు మీద రాసిన చెయ్యి కదా. బోర్డు మీద శీర్షిక రాస్తే డస్టర్ పెట్టేదాకా అది అక్కడే ఉంటుంది. కంప్యూటర్లో ఏదీ అక్కడే ఉండదు. మూడో పేజీలో ఒక వాక్యం చేర్చామా, రెండువందలవ పేజీలోని శీర్షిక పేజీ అడుగుకు జారి బిక్కుబిక్కుమంటూ నిలబడుతుంది, దాని కింద ఉండాల్సిన సంగతంతా అవతలి పేజీలో ఉంటుంది.

విషయసూచిక నేనూ మా ఆయనా కలిసి చేసేవాళ్ళం. ఆయన కొత్తగూడెం వైపు బొగ్గుబాయిలో ల్యాంపు రూంలో చేసి రిటైరయ్యాడు. బాయిలోకి దిగేవాళ్ళ టోకెన్లు తీసుకుని నెత్తికి పెట్టుకునే లైట్లు ఇచ్చే గది అది. అక్కడ లెక్క తప్పితే మనిషి లోపలున్నాడో బయటికొచ్చాడో తెలియదు కాబట్టి ఆయనకు అంకెలంటే భక్తి. నేను తెరమీద చూసి చదవడం, ఆయన పెన్సిలుతో రాసుకోవడం.

“కట్ట కట్టే పదాలు, తొంభై ఏడు” అనేదాన్ని.

“నిన్న తొంభై అయిదు అంటివి గద?”

“నిన్న తొంభై అయిదే.”

“రాత్రికి రాత్రే రెండు పేజీలు నడిచిందా ఏంది?”

అట్లా అయిదుసార్లు రాశాం. అయిదోసారి ఆయన పెన్సిలు కింద పెట్టి, బాయిలో అన్నేళ్ళు చేసినా రాని నడుంనొప్పి నా విషయసూచికతో వచ్చిందని ప్రకటించాడు. బాయిలో కనీసం షిఫ్టు అయిపోయేదట.

సోమవారం పొద్దున్నే ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మా ఊరి డీటీపీ షాపుకు పోయాను. దాని యజమానిని ఊరంతా భాయ్ అనే పిలుస్తుంది. వాళ్ళ నాన్న కాలంలో అది సీసం అక్షరాలు పేర్చే ప్రెస్సు, ఇప్పుడు చుట్టుపక్కల పెళ్ళి కార్డులన్నీ అక్కడే పుడతాయి. ఆయనకు ఇంట్లో ఉర్దూ, షాపులో తెలుగు. అయినా తెలుగు అచ్చుతప్పు నాకంటే ముందు ఆయన కంటికే పడుతుంది. ఈ సంగతి నేను ఎవరి ముందూ ఒప్పుకోను.

భాయ్ ఫైలు తెరిచి పైన ఏదో ఒక బొత్తాం నొక్కాడు. తెరనిండా చుక్కలు లేచాయి. నేను కొట్టిన ప్రతి స్పేసుకూ ఒక చుక్క, కొట్టిన ప్రతి ఎంటరుకూ ఒక గుర్తు. ఎనిమిదేళ్ళ నా గుట్టంతా బయటపడింది.

“అరె, మేడం! ఇంత పెద్ద ముగ్గు ఎప్పుడేసిండ్రు? చుక్కలు మస్తు పెట్టిండ్రు, కలుపుడే మరిచిండ్రు.”

“భాయ్, ఇది పీహెచ్‌డీ. వేళాకోళం కాదు.”

“నేను టెన్త్ ఫెయిల్ మేడం. అందుకే నాకు దిక్కు ఇదొక్కటే, బాగా నేర్చుకున్న.”

మొత్తం ఆయన్నే సరిచేసి పెట్టమన్నాను. తల అడ్డంగా ఊపాడు. వారంలో ఇరవై పెళ్ళిళ్ళ కార్డులున్నాయట. “యూనివర్సిటీకి లెటర్ రాస్తే డేటు జరుపుతరేమో. ముహూర్తం ఎవరు జరుపుతరు? ఒకసారి చూపిస్త, మీరే చేస్కోండ్రి. జల్దీ అయితది.”

చూపించాడు. ఒక శీర్షిక మీద కర్సర్ పెట్టి, పైన వరసలో ‘హెడింగ్ వన్’ అని ఉన్నచోట నొక్కాడు. ఇంకో శీర్షిక, మళ్ళీ అక్కడే నొక్కాడు. అట్లా నాలుగు చేసి, ఆ హెడింగ్ వన్ సైజు ఒక్కచోట మార్చాడు. నాలుగు శీర్షికలూ ఒక్కసారే మారాయి. మధ్యకు రమ్మన్నాడు, నాలుగూ మధ్యకు వచ్చాయి. కొత్త పేజీలో మొదలవ్వమన్నాడు, ఎంటర్లతో పనిలేకుండా నాలుగూ తలా ఒక పేజీకి ఎక్కి కూచున్నాయి. మా బడిలో ప్రార్థన వరస కూడా అంత చక్కగా కదలదు.

నాకు ఒళ్ళు మండింది.

“ఇది ఎప్పట్నుంచి ఉంది భాయ్?”

“మొదటి నుంచి ఉన్నది మేడం. మీ తెరమీదనే, పైన్నే. రోజూ మిమ్మల్ని చూస్తనే ఉన్నది, మీరే చూడలే.”

ఇంటికొచ్చి మా ఆయన ముందు కూచుని కోపమంతా వెళ్ళబోసుకున్నాను. శీర్షికను పెద్దది చెయ్యడం వేరట, ఇది శీర్షిక అని చెప్పడం వేరట, చెప్తే మిగతాదంతా అదే చూసుకుంటుందట, చెప్తే ఏమవుతుందండీ, పెద్దది చేస్తే అది శీర్షిక కాదా అని దబాయించాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“బాయిల ఫస్ట్ షిఫ్టుకు రెండువందల మంది దిగుతరు. టైం మారిందనుకో, రెండువందల మంది ఇండ్లకు పోయి చెప్తమా? లేదు. ఎవడు ఏ షిఫ్టో వాని పేరు పక్కన ముందుగాలనే రాసి ఉంటది. బోర్డు మీద ఫస్ట్ షిఫ్టు టైం ఒక్కకాడ మారుస్తం. అందరు గా టైముకే వస్తరు. నువ్వేం చేసినవంటె, ఎనిమిదేండ్లు ఇల్లిల్లు తిరిగి తలుపు కొట్టినవ్.”

నాకు వెంటనే అర్థమైంది. ఆయన చెప్తే అర్థమైందని మాత్రం అప్పుడు చెప్పలేదు, ఇప్పుడే చెప్తున్నాను.

సోమ, మంగళ వారాలు చుక్కలు ఏరడంతోనే సరిపోయింది. స్పేసులన్నీ, ఎంటర్లన్నీ తీసేసి, ప్రతి పేరాకూ దాని షిఫ్టు రాశాను. అధ్యాయాలు హెడింగ్ వన్, ఉపశీర్షికలు హెడింగ్ టూ, నా మామూలు రాత నార్మల్. ఖాళీలన్నీ పోయేసరికి మూడువందల పన్నెండు పేజీలు రెండువందల తొంభై ఏడయ్యాయి. “పదిహేను పేజీలు ఊరికే ఎంటర్ కొట్టి రాసినవన్నమాట, గవి కూడ రీసెర్చేనా?” అని మా ఆయన గొణిగాడు.

తర్వాత అవ్వ మాటల దగ్గరికొచ్చాను. పాత ఫైల్లో అవి ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉన్నాయి. ఒకచోట నల్లగా, ఒకచోట వాలుగా, ఒకచోట పెద్దక్షరాల్లో నల్లగా వాలుగా కింద గీతతో. ఆ రోజు ఎవరి మీదో కోపంలో ఉండి ఉంటాను. రెండూ కలపకని షరతు పెట్టిన మనిషి మాటలు అవి. వాటికని ప్రత్యేకంగా ఒక స్టైలు తయారుచేసి ‘అవ్వ మాట’ అని పేరు పెట్టాను. దేని మీద ఆధారపడి కట్టాలి అని కంప్యూటర్ అడిగింది. నార్మల్ అని ఉంటే సరిపోయేది. కానీ నా ఉపశీర్షిక ఏదో ‘పత్ర పరిపక్వతా సూచక పదాలు’ అని పదహారు సైజులో విర్రవీగుతూ ఉంటే, ఆ పదాలు ఇచ్చిన అవ్వ మాట దాని కింద పన్నెండు సైజులో ఎందుకుండాలి? హెడింగ్ టూ మీద కట్టాను. ముఖ్యమైనదాన్ని పెద్దక్షరాల్లో రాయడం మా పంతుళ్ళ చేతిరోగం, చాక్‌పీసు పట్టినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాదు.

బుధవారం మధ్యాహ్నం విషయసూచిక పెట్టాను. ఈసారి పెన్సిలు లేదు. ఒక్క నొక్కు నొక్కితే కంప్యూటరే శీర్షికలన్నీ వెతికి, పేజీ నంబర్లు వేసి తెచ్చిపెడుతుందని భాయ్ చెప్పాడు. నొక్కాను. తెచ్చింది. మూడు పేజీలు రావాల్సింది పదకొండు పేజీలు వచ్చింది. మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు.

“రెండవ అధ్యాయం, సేకరణ ప్రక్రియ, పదజాల పరిశీలన, యాభై ఎనిమిది. పొద్దుగాల పోకుంటె ఆకు నీకోసం ఆగుతదా, యాభై తొమ్మిది. పత్ర పరిపక్వతా సూచక పదాలు, అరవై. ముదురాకు నా కోడలు లెక్క, ఎంత మలిచినా మలవది, అరవై ఒకటి...”

ఇక చదవలేక మంచం మీద కూలబడి నవ్వాడు. “మస్తుగున్నదే ఇది! పత్ర పరిపక్వత ఏందో నాకు ఈ జన్మల తెలవది. కోడలు మాత్రం సమజైంది.”

నాకు నవ్వు రాలేదు. గడువుకు రెండు రోజులుంది, నా విషయసూచిక నిండా అవ్వ నిలబడి మాట్లాడుతోంది. భాయ్‌కి ఫోన్ చేశాను. వెనకాల మిషన్ చప్పుడు మధ్య ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. “హెడింగ్ మీద కట్టినంక సూచికల హెడింగ్ లెక్కనే వస్తది కద మేడం. నార్మల్ మీదికి మార్చి, సైజు మీకెంత కావాల్నో అంత పెట్టుకోండ్రి.”

మార్చబోతుంటే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగు. ఇదొక కాపీ తియ్. ఎనిమిదేండ్ల నుంచి పుస్తకం పుస్తకం అని ఆ ముసలామెను సతాయిస్తున్నవ్, ఒక్క కాయితం చూపియ్యలే. ఇందుల ఆమె మాటలన్ని వరసగా ఉన్నయ్. పోయి చదివి వినిపియ్.”

కాపీ దాచుకుని, ఫైల్లో తప్పు సరిచేశాను. సూచిక బుద్ధిగా మూడు పేజీలైంది. గురువారం పొద్దున ఆ పదకొండు పేజీలు ప్రింటు తీయించుకుని, బండి మీద పామాయిల్ తోటలు దాటి కల్లానికి పోయాం.

అవ్వ కట్టలు తిరగేస్తోంది. కల్లం నిండా కట్టలు వరసలుగా ఆరుతున్నాయి, గూడెం ఆడవాళ్ళు నలుగురైదుగురు పనిలో ఉన్నారు. నేను కాగితాలు తీయగానే “అయిపోయిందా పుస్తకం?” అన్నది.

“రేపు అయిపోతుంది అవ్వా. ఇందులో నీ మాటలున్నాయి, విను.”

కొంగుతో మొహం తుడుచుకుని నీడకొచ్చి కూచున్నది. నేను నా శీర్షికలన్నీ వదిలేసి ఆమెవి మాత్రమే చదివాను. ఒక్కోటి చదవగానే “అవ్” అని తల ఊపేది. “పొద్దుగాల పోకుంటె ఆకు నీకోసం ఆగుతదా.” “అవ్.” “లేతాకు చెవి లెక్క ఉంటది, పట్టుకుంటె తెలుస్తది.” “అవ్, గట్లనే అన్న.” ముదురాకు దగ్గరికి రాగానే నా మోకాలి మీద కొట్టింది. “మెల్లగ చదువు! కోడలు ఈడనే ఉన్నది.” కోడలు రెండు వరసల అవతల నుంచి “ఇన్న, ఇన్న” అన్నది. అందరూ నవ్వారు. నాకు అంత సంతోషం ఎన్నాళ్ళుగానో లేదు. యూనివర్సిటీ తీసుకున్నా తీసుకోకపోయినా ఇది చాలనిపించింది కూడా.

ఎనిమిదో కాగితంలో, రెండువందల పదకొండో పేజీ మాట వచ్చింది. అది నాకు ప్రాణం. కొంచెం గొంతు సవరించుకుని మరీ చదివాను.

“అడవి మా తల్లి, ఆకు ఆమె చాచిన చెయ్యి.”

అవ్వ తల ఊపలేదు.

“ఇది ఎవరన్నరు?”

“నువ్వే అవ్వా.”

“నేనన్లే.”

“అన్నావు అవ్వా, నేను రాసుకున్నాను.”

“అడివి తల్లేంది బిడ్డా? తల్లయితె గిన్ని ముండ్లు గుచ్చుతదా? అడివంటె పని. పొద్దుగాల పోవుడు, కోసుడు, మోసుడు. గంతే.” నా మొహం చూసి కొంచెం మెత్తబడింది. “మంచిగనే ఉన్నది మాట. నీ మాట. గని నాది గాదు.”

మిగతావి చదివాను. అన్నిటికీ అవ్ అన్నది. లేచి వస్తుంటే ఒక్కటే అడిగింది, నా మాటలు గిన్నేనా, మరి మిగిలిన పుస్తకమంత ఏమున్నదని. నువ్వు చెప్పింది నేను వివరించాను అవ్వా అన్నాను. “ఎందుకు, నేను చెప్పింది సమజ్ కాకుంట ఉన్నదా?” అని మళ్ళీ కట్టల దగ్గరికి పోయింది.

ఇంటికి రాగానే మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగి రెండో ఏటి నోటుబుక్కు తీశాను. పేజీ దొరికింది. నీలం పెన్నుతో అవ్వ మాటలు, పక్కన మార్జిన్లో సన్నగా పెన్సిలుతో ఆ వాక్యం. నా చేతిరాత, నా పెన్సిలు. టైపు చేసేటప్పుడు చూసుకోలేదని చెప్పుకోవచ్చు. కానీ నాకు గుర్తుంది. చూశాను. బాగుంది కాబట్టి ఆమెదే అయి ఉంటుందనుకున్నాను. సెమినార్లో ఆ వాక్యం చదివితే చప్పట్లు కొట్టారు. గైడుగారు “ఈ ఒక్కటి చాలమ్మా, దీనిమీద ఒక అధ్యాయం రాయి” అన్నారు. రాశాను. అయిదవ అధ్యాయం, ‘అడవి: మాతృభావన.’ నలభై పేజీలు, నా పెన్సిలు గీత మీద నిలబడి ఉన్నాయి. నాకు చాలా సిగ్గేసింది.

పాత పద్ధతిలోనే ఉండి ఉంటే ఆ వాక్యాన్ని ముట్టుకునేదాన్ని కాదు, ఇది ఖాయం. రేపు గడువు, ఇప్పుడొక వాక్యం కదిలిస్తే పేజీలన్నీ కదులుతాయి, విషయసూచిక మళ్ళీ రాయాలి, మా ఆయన నడుం ఏం కావాలి అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. నా మాట ఆమె నోట్లోనే ఉండిపోయేది. ఇప్పుడా సాకు కూడా లేదు. స్టైళ్ళు నేర్పినందుకు భాయ్ మీద నాకు రెండోసారి ఒళ్ళు మండింది.

రెండువందల పదకొండో పేజీ తెరిచాను. ఆ వాక్యం అవ్వ మాటలన్నిటిలాగే పెద్దగా, నల్లగా, ఠీవిగా ఉంది. దానిమీద కర్సర్ పెట్టి ‘నార్మల్’ నొక్కాను. పన్నెండు సైజుకు కుంచించుకుపోయి, పై పేరా కిందికి వచ్చి మామూలుగా నిలబడింది. నలభై పేజీలు ఒక్క పూటలో తిరగరాయడం నావల్ల కాదు. అధ్యాయం మొదట్లో ఒకటిన్నర పేజీ కొత్తగా రాశాను. ఇందులోని మాతృభావన పరిశోధకురాలిది, సమాచారం ఇచ్చిన అవ్వది కాదు, చదివి వినిపిస్తే ఆమె ఇట్లా అన్నది అని. దాని కింద ‘అవ్వ మాట’ స్టైల్లో పెట్టాను.

అడివంటె పని.

అధ్యాయం పేరు కూడా మార్చాను. అడవి తల్లి వాక్యం కిందికి జరిగి రెండువందల పదమూడో పేజీకి పోయింది. మా ఆయన అప్పటికే పెన్సిలు చెక్కుకుని పక్కన కూచుని ఉన్నాడు. “చెప్పు, ఎన్ని నడిచినయ్?” అన్నాడు. నేను ఒక్క నొక్కు నొక్కాను. సూచికలో నంబర్లన్నీ వాటికవే మారిపోయాయి. ఆయన కాసేపు తెర వైపు చూసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని లేచిపోయాడు. మొత్తం మీద ఆ పని పోయినందుకు ఆయన కొంచెం బాధపడ్డాడనే నా అనుమానం.

సాయంత్రం భాయ్ పెళ్ళి కార్డుల మిషన్ ఆపి నా ప్రింట్లు తీశాడు, బైండింగ్ కూడా చేశాడు. ఇరవై పెళ్ళిళ్ళ సంగతి ఏమైందంటే “మీది ఇరవై ఒకటోది” అన్నాడు.

శుక్రవారం బస్సులో యూనివర్సిటీకి పోయాం. సెక్షన్లో ఒకాయన స్కేలు తీసి నిజంగానే మార్జిన్లు కొలిచాడు. విషయసూచికలో అయిదారు నంబర్లు ఏరి, ఆ పేజీలకు పోయి చూశాడు. ఉన్నాయి. ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. రసీదు మడిచి పర్సులో పెట్టుకున్నాను. బయట వరండాలో గైడుగారు నేనిచ్చిన ప్రతిని తిరగేస్తూ నిలబడి ఉన్నారు. అయిదవ అధ్యాయం దగ్గర ఆగిపోయారు.

“ఇదేంటమ్మా, పేరు మార్చావు? ఆ వాక్యం ఏదీ? అడవి మా తల్లి అని, పెద్దక్షరాల్లో ఉండేది కదా. తీసేశావా?”

“లేదు సార్, ఉంది. రెండువందల పదమూడో పేజీ.”

ఆయన పేజీ తీశారు. కళ్ళద్దాలు పైకి జరిపారు, మళ్ళీ కిందికి దించారు. “ఏదీ, కనపడదే?”

“కిందినుంచి మూడో లైను సార్. అది నా మాట. అందుకే చిన్నగా ఉంది.”